లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్నదెవరు? కమాండ్ లైన్‌తో పరికరాలను గుర్తించే పద్ధతి

(ప్రసంగ పాఠం)

సభలో ఉన్న విద్యార్థులకు, నెట్‌వర్క్ బాధ్యతలు చూసుకుంటున్న మిత్రులకు నమస్కారం.

ఈరోజు మన విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక రౌటర్ వెనక, ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలు ఉన్నాయో, వాటిలో ప్రతి ఒక్కటీ ఏమిటో టెర్మినల్ ముందు కూర్చుని తేల్చుకోవడం. అయితే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. ఫలానా అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా అన్నది మొదటిది. ఉన్నదెవరు అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు కమాండ్లు దాదాపు సూటిగానే జవాబు చెబుతాయి. రెండో ప్రశ్నకు వచ్చేసరికి అవి ఇచ్చేవి ఆనవాళ్లు మాత్రమే, ఆ ఆనవాళ్లను పక్కపక్కన పెట్టి నిర్ణయానికి రావలసింది మనం. ఈ తేడా పట్టుబడకపోతే ఎన్ని కమాండ్లు నేర్చుకున్నా తెర మీద కనిపించిన కంపెనీ పేరునే పరికరం పేరు అనుకుని పొరబడుతూనే ఉంటాం.

ఒక హద్దు ముందే చెప్పుకుందాం. మనం వాడబోయే సాధనాలన్నింటినీ మన సొంత నెట్‌వర్క్‌లో గానీ, నిర్వాహకులు రాతపూర్వకంగా అనుమతించిన చోట గానీ మాత్రమే వాడాలి. ఇతరుల నెట్‌వర్క్‌ను స్కాన్ చేయడం అనేక చోట్ల చట్టపరమైన చిక్కుల్లోకి దించుతుంది. సంస్థల్లో అయితే చొరబాట్లను పసిగట్టే వ్యవస్థ మీ కంప్యూటర్‌నే దొంగగా నమోదు చేసినా ఆశ్చర్యం లేదు.

మొదట మనం ఎక్కడ నిలబడి ఉన్నామో తెలియాలి. లినక్స్‌లో ‘ఐపీ అడ్రస్ షో’, విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్’, మ్యాక్ ఓఎస్‌లో ‘ఇఫ్‌కాన్ఫిగ్’ కొడితే మన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మన పరికరం చిరునామా), సబ్‌నెట్ పరిధి (మన లోకల్ నెట్‌వర్క్‌కు చెందిన అడ్రస్‌ల గుంపు) కనిపిస్తాయి. అక్కడ 192.168.1.20, స్లాష్ 24 అని ఉందనుకోండి, అప్పుడు మన పరిధిలో మొత్తం 256 అడ్రస్‌లు ఉంటాయి. మొదటిది నెట్‌వర్క్‌కూ చివరిది అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్‌కూ పోగా పరికరాలకు మిగిలేవి 254. 192.168తో గానీ, 10తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో గానీ మొదలయ్యే అడ్రస్‌లు ప్రైవేటు వాడకానికి కేటాయించినవి. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ నియమాలను రాసిపెట్టే పత్రం) వీటిని ఖరారు చేసింది. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. వీపీఎన్ (మన రాకపోకలను వేరే నెట్‌వర్క్ మీదుగా మళ్లించే సాఫ్ట్‌వేర్) నడుస్తున్నా, కంప్యూటర్‌లో డాకర్ వంటి కంటైనర్ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఆ జాబితాలో రెండు మూడు నెట్‌వర్క్‌లు కనబడతాయి. వాటిలో రౌటర్ వైపు వెళ్లేది ఏదో ‘ఐపీ రూట్’ కమాండ్‌తో, అందులో ‘డిఫాల్ట్’ అన్న వరుస చూసి నిర్ధారించుకోవాలి. వీపీఎన్ ఆ డిఫాల్ట్ దారిని కూడా తన వైపు తిప్పుకోవచ్చు కనుక ఈ పని చేసేంతసేపూ దాన్ని ఆపి ఉంచడం మేలు.

ఇక ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న. అందరికీ మొదట గుర్తొచ్చేది పింగ్. మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ నేటికీ ప్రతి వ్యవస్థలోనూ ఉంది. ఎకో రిక్వెస్ట్ పంపుతుంది, ఎకో రిప్లై కోసం ఎదురుచూస్తుంది. రిప్లై వస్తే పరికరం ఉన్నట్టే. రాకపోతే మాత్రం మనం ఏమీ తేల్చలేం. ఫైర్‌వాల్ (వచ్చే సందేశాలను వడపోసే రక్షణ) ఉన్న కంప్యూటర్ ఎకో రిక్వెస్ట్‌ను నిశ్శబ్దంగా పారేయవచ్చు. విండోస్‌లో నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా గుర్తు పెట్టి ఉంటే సాధారణంగా జరిగేది అదే. తెర ఆరిపోయిన ఫోన్ బ్యాటరీ ఆదా కోసం నిద్రలో ఉండి, ఆలస్యంగా పలకవచ్చు, అసలు పలకకపోనూవచ్చు. కాబట్టి పింగ్ ఇచ్చే ‘ఉంది’ అన్న జవాబును నమ్మవచ్చు గానీ, ‘లేదు’ అన్నదాన్ని జవాబుగా తీసుకోకూడదు.

దీనికంటే గట్టి సాక్ష్యం ఒక మెట్టు కింద ఉంది. ఈ ప్రసంగం మొత్తంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటామంటే, అది ఆర్ప్ అయితే నాకు సంతోషం. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ ఆర్‌ఎఫ్‌సీ 826గా రాసిన ఈ ప్రొటోకాల్ చేసే పని ఇది: ఈథర్‌నెట్ మీదనైనా, వైఫై మీదనైనా ఒక ప్యాకెట్ (డేటా మూట) పక్క పరికరానికి చేరాలంటే ఐపీ అడ్రస్ ఒక్కటే చాలదు, దాని మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత గుర్తింపు సంఖ్య, కావాలి. అందుకని మన కంప్యూటర్ నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా ‘192.168.1.37 ఎవరిది? 192.168.1.20కి చెప్పండి’ అని బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. ఆ అడ్రస్ ఉన్న పరికరం తన మ్యాక్ అడ్రస్‌తో బదులిస్తుంది. ఎకో రిక్వెస్ట్‌కు పలకకపోయినా పరికరానికి నష్టం లేదు. ఆర్ప్‌కు పలకకపోతే మాత్రం రౌటర్ కూడా దానికి ప్యాకెట్లు చేర్చలేదు. నెట్‌వర్క్‌లో ఉండి పని చేయాలనుకునే ఐపీవీ4 (ఇక్కడ మనం చూస్తున్న, నాలుగు సంఖ్యల అడ్రస్‌ల పద్ధతి) పరికరానికి ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడం కష్టం. సాధారణ ఫైర్‌వాల్ నియమాలు ఐపీ స్థాయిలో పని చేస్తాయి గనుక వాటికి ఆర్ప్ అసలు కనబడదు.

దీన్ని ఉపయోగించుకునే ఒక పద్ధతికి ప్రత్యేకమైన సాధనం ఏదీ అక్కర్లేదు. సబ్‌నెట్‌లోని అన్ని అడ్రస్‌లకూ ఒక్కొక్క పింగ్ పంపండి. లినక్స్‌లో ‘ఎఫ్‌పింగ్’ ఉంటే డ్యాష్ ఏ, డ్యాష్ జీ అన్న ఆప్షన్లతో పరిధి ఇస్తే సరిపోతుంది. లేకపోతే షెల్‌లో ఒకటి నుంచి 254 వరకు లూప్ రాయండి. పింగ్‌లకు ఎవరు పలికారో పట్టించుకోకండి. అది పూర్తయిన వెంటనే ‘ఐపీ నెయిబర్ షో’ అని కొట్టండి. విండోస్‌లోనూ మ్యాక్ ఓఎస్‌లోనూ ‘ఆర్ప్ డ్యాష్ ఏ’. పింగ్‌కు మౌనంగా ఉండిపోయిన పరికరాలు సైతం మ్యాక్ అడ్రస్‌తో సహా ఆ జాబితాలో కనబడతాయి, ఎందుకంటే పింగ్ పంపే ముందు మన కంప్యూటర్ ఆర్ప్ అడిగింది, అవి దానికి పలికాయి.

ఆ జాబితాను చదవడంలోనూ కొంత మెలకువ కావాలి. లినక్స్‌లో ప్రతి వరుస చివర ఒక స్థితి ఉంటుంది. ‘రీచబుల్’ అంటే ఇప్పుడే పలికింది. ‘స్టేల్’ అంటే కొంతసేపటి క్రితం పలికింది, ఆ తర్వాత మళ్లీ సరిచూడలేదు. ఆ పరికరం ఈలోగా వెళ్లిపోయి ఉండవచ్చు. ‘ఫెయిల్డ్’, ‘ఇన్‌కంప్లీట్’ అంటే అడిగినా బదులు రాలేదు, అవి పరికరాలు కావు, మన ప్రశ్నల తాలూకు మిగుళ్లు. విండోస్ జాబితాలో 224తో, 239తో మొదలయ్యేవీ, 255తో ముగిసేవీ ‘స్టాటిక్’ అన్న గుర్తుతో కనిపిస్తాయి. అవి మల్టీకాస్ట్ (ఒక గుంపుకు కలిపి పంపే), బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌లు. వాటిని చూసి ఎవరో చొరబడ్డారని కంగారుపడేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

ఇదే పనిని ఒక్క కమాండ్‌తో చేసేవి రెండున్నాయి. ఒకటి ‘ఆర్ప్ స్కాన్’, దానికి ‘లోకల్‌నెట్’ అన్న ఆప్షన్ ఇస్తే సబ్‌నెట్ అంతటికీ ఆర్ప్ ప్రశ్నలు పంపి ఐపీ, మ్యాక్, తయారీదారు పేరు మూడు నిలువు వరుసలుగా చూపిస్తుంది. రెండోది గోర్డన్ లయన్ 1997 సెప్టెంబరులో విడుదల చేసిన ‘ఎన్‌మ్యాప్’. దీనికి డ్యాష్, చిన్న ఎస్, చిన్న ఎన్ ఇచ్చి పరిధి చెబితే పోర్టుల (పరికరంలో ఒక్కో సేవకు ఉండే, సంఖ్యతో గుర్తించే ద్వారాల) జోలికి పోకుండా ఎవరున్నారో మాత్రమే చూస్తుంది. ముందు ‘సుడో’ (నిర్వాహక హక్కులతో నడిపించే కమాండ్) పెట్టామా లేదా అన్నదాన్ని బట్టి ఇదే కమాండ్ రెండు రకాలుగా ప్రవర్తిస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. సుడోతో నడిపితే లోకల్ నెట్‌వర్క్‌లో అది ఆర్ప్‌నే వాడుతుంది. సుడో లేకపోతే 80, 443 పోర్టులకు కనెక్షన్ కోసం ప్రయత్నించి చూస్తుంది. పోర్టు మూసి ఉందని తిరుగు జవాబు వచ్చినా ఆ చెప్పినవారు ఉన్నట్టే లెక్క, కానీ ప్యాకెట్‌ను చప్పుడు చేయకుండా పారేసే పరికరం మాత్రం జాబితాలోంచి జారిపోతుంది, మ్యాక్ అడ్రస్‌లు కూడా కనబడవు. ఇద్దరు ఒకే నెట్‌వర్క్‌లో ఒకే కమాండ్ కొట్టి వేర్వేరు లెక్కలు తెచ్చారంటే మొదట అడగవలసింది సుడో సంగతే.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు, అంటే ఆరు బైట్లు. ఒక్కో బైట్‌ను రెండు అంకెలతో రాస్తారు, ఇక్కడ ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న అక్షరాలూ అంకెలే. సాధారణంగా మొదటి మూడు బైట్లను ఐఈఈఈ సంస్థ తయారీదారుకు కేటాయిస్తుంది. బీ8, 27, ఈబీ అని మొదలైతే రాస్‌ప్‌బెరీ పై, 08, 00, 27 అని మొదలైతే వర్చువల్‌బాక్స్‌లో నడుస్తున్న వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌లోనే నడిచే కంప్యూటర్) అన్నమాట. స్కానర్ చూపించే కంపెనీ పేరు ఈ పట్టిక నుంచే వస్తుంది. కానీ ఆ పేరు నెట్‌వర్క్ చిప్‌ను లేదా బోర్డును తయారుచేసిన సంస్థది కావచ్చు. పెట్టె మీద అచ్చయిన బ్రాండు వేరే ఉండవచ్చు. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, సెన్సార్లు బ్రాండుతో సంబంధం లేకుండా ‘ఎస్ప్రెసిఫ్’ అని కనబడడం మామూలు, ఎందుకంటే వాటిలోని వైఫై చిప్ ఆ సంస్థది. కొన్ని ల్యాప్‌టాప్‌లు ‘హాన్ హాయ్’ అని కనబడతాయి. అది ఫాక్స్‌కాన్ అన్న పేరుతో మనకు తెలిసిన తయారీ సంస్థ.

మరో చిక్కు కూడా ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైలో చేరేటప్పుడు తమ అసలు మ్యాక్ అడ్రస్ బదులు కల్పిత అడ్రస్ వాడడం మామూలైంది. దాన్ని గుర్తుపట్టడం సులువే. మొదటి బైట్‌లోని రెండో అంకె చూడండి. అది 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే ఆ అడ్రస్ స్థానికంగా పెట్టుకున్నది, తయారీదారు పట్టికలో వెతకడం వృథా. అలాగని అలాంటి ప్రతి అడ్రస్‌నూ ఫోన్ అనుకోకూడదు. క్యూఈఎమ్‌యూ వర్చువల్ మెషీన్లు సాధారణంగా 52, 54, 00 అని మొదలుపెడతాయి. అక్కడా రెండో అంకె 2 అన్నది గమనించండి. ఇకపోతే వైఫై రిపీటర్లున్న చోట ఒకే మ్యాక్ అడ్రస్ ఎదురుగా నాలుగైదు ఐపీలు కనబడవచ్చు. చాలా రిపీటర్లు తమ వెనక ఉన్న పరికరాల తరఫున తమ సొంత మ్యాక్ అడ్రస్‌నే ముందుపెడతాయి. అక్కడ ఆర్ప్ ద్వారా ముందుకు పోలేం.

అందుకే పరికరాలు తమంతట తాము చెప్పుకునే మాటలు వినాలి. ప్రింటర్లు, టీవీలు, స్పీకర్లు తమను వెతికే ఫోన్ల కోసం నిరంతరం తమ పేరు ప్రకటించుకుంటూ ఉంటాయి. ఎండీఎన్ఎస్ అనే పద్ధతిలో 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కు, 5353 పోర్టుకు ఈ ప్రకటనలు వెళ్తాయి. లినక్స్‌లో ‘అవాహీ బ్రౌజ్’ కమాండ్‌కు డ్యాష్ ఏ, డ్యాష్ ఆర్, డ్యాష్ టీ ఇస్తే వాటన్నింటినీ సేకరించి, పేరు, ఐపీ, పోర్టులతో సహా చూపించి ఆగిపోతుంది. ‘ఐపీపీ’ అన్న సర్వీస్ కనబడితే ప్రింటర్, ‘గూగుల్‌కాస్ట్’ కనబడితే క్రోమ్‌కాస్ట్ లేదా ఆ సౌకర్యం ఉన్న టీవీ. తరచు మోడల్ పేరు కూడా ఆ ప్రకటనలోనే ఉంటుంది. మ్యాక్ ఓఎస్‌లో ఇదే పనికి ‘డీఎన్ఎస్ ఎస్‌డీ’ ఉంది. పాత విండోస్ యంత్రాలు, కొన్ని ఫైల్ సర్వర్లు నెట్‌బయోస్ అనే పాత పద్ధతిలో తమ పేరు చెబుతాయి. వాటికి ‘ఎన్‌బీటీ స్కాన్’ చాలు.

పేరు చెప్పని పరికరాన్ని దాని పోర్టులు పట్టిస్తాయి. ఆ ఒక్క ఐపీ మీద మాత్రమే ఎన్‌మ్యాప్‌ను డ్యాష్, చిన్న ఎస్, పెద్ద వీ తో నడిపితే ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో, వాటి వెనక ఏ సాఫ్ట్‌వేర్ ఉందో అడిగి చెబుతుంది. 9100 తెరిచి ఉంటే ప్రింటర్ అయ్యే అవకాశం ఎక్కువ. 554 ఉంటే సీసీ కెమెరా లేదా దాని రికార్డర్. 3389 ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ తెరిచిన విండోస్. 62078 ఉంటే ఐఫోన్ లేదా ఐప్యాడ్. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఊహించే పెద్ద ఓ ఆప్షన్ కూడా ఉంది గానీ, తెరిచిన పోర్టు ఒకటి, మూసిన పోర్టు ఒకటి దొరక్కపోతే దాని ఊహను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. దానికంటే మామూలు పింగ్ జవాబులోని టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే సంఖ్య) చూడడమే మేలు: లోకల్ నెట్‌వర్క్‌లో 128 ఉంటే దాదాపుగా విండోస్, 64 ఉంటే లినక్స్, ఆండ్రాయిడ్, యాపిల్ కుటుంబాల్లో ఏదో ఒకటి.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపి చూద్దాం. స్కాన్ జాబితాలో రౌటర్, మన కంప్యూటర్, ప్రింటర్ పోగా 192.168.1.37 దగ్గర ఎస్ప్రెసిఫ్ అన్న పేరు మిగిలింది, అదేమిటో ఎవరికీ తెలియదు. ఎండీఎన్ఎస్‌లో దాని ఊసే లేదు. పోర్టులు చూస్తే 6668 ఒక్కటే తెరిచి ఉంది. టుయా వేదిక మీద నడిచే స్మార్ట్ పరికరాలు లోకల్‌గా మాట్లాడే పోర్టు అది, కాబట్టి ప్లగ్గో బల్బో అన్నంతవరకు వచ్చాం. ఇప్పుడు అది నెట్‌వర్క్‌లో చేరే క్షణాన్ని పట్టుకోవాలి. ‘టీసీపీ డంప్’ను సుడోతో, డ్యాష్ ఎన్, డ్యాష్ ఈ, డ్యాష్ వీ ఆప్షన్లతో, 67 లేదా 68 పోర్టు అన్న ఫిల్టర్‌తో నడిపి ఉంచి, రౌటర్‌లో వైఫైని ఆపి మళ్లీ ఆన్ చేయాలి. మన కంప్యూటర్ కేబుల్ మీద ఉంటే సౌకర్యం. ఒక్కొక్క పరికరమూ తిరిగి వచ్చి ఐపీ కోసం డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పద్ధతి) ద్వారా అడుగుతుంది. చేరేటప్పుడు అడిగేది బ్రాడ్‌కాస్ట్ గనుక మనకూ వినబడుతుంది. ఉన్న లీజును (అడ్రస్ వాడుకునే గడువును) మధ్యలో పొడిగించుకునేటప్పుడు మాత్రం నేరుగా సర్వర్‌తోనే మాట్లాడుతుంది, అది మన చెవిన పడదు. ఆ అభ్యర్థనలో తరచు ‘హోస్ట్‌నేమ్’ అన్న వరుస, దానితోపాటు ‘వెండార్ క్లాస్’ అన్న వరుస ఉంటాయి. విండోస్ అక్కడ ‘ఎంఎస్‌ఎఫ్‌టీ 5.0’ అని రాసుకుంటుంది, ఆండ్రాయిడ్ చాలాసార్లు తన వెర్షన్ సంఖ్య కూడా చెప్పేస్తుంది. మన అపరిచిత పరికరం ‘ఈఎస్‌పీ’ తర్వాత తన మ్యాక్ అడ్రస్‌లోని చివరి ఆరు అంకెలు తగిలించిన పేరు చెప్పిందనుకోండి. అది చిప్‌తో వచ్చిన పేరే, తయారీదారు మార్చలేదంతే. కొత్త సంగతి ఏమీ తెలియలేదు.

ఇంతవరకు వచ్చాక ఇంకా తెలివైన కమాండ్ కోసం వెతకడం కంటే లేచి నడవడం మంచిది. ‘ఆర్‌పింగ్’ కమాండ్‌ను 192.168.1.37 మీద వదిలేయండి. సెకనుకు ఒక ఆర్ప్ ప్రశ్న వెళ్తుంది, ఒక జవాబు వస్తుంది. మామూలు పింగ్ కాకుండా ఇదే ఎందుకంటే, పింగ్ ఆగిపోతే పరికరం ఆగిందో, అది పింగ్‌కు పలకడం మానేసిందో తేలదు. ఇప్పుడు అనుమానం ఉన్న ప్లగ్గులు, బల్బుల కరెంటును ఒక్కొక్కటిగా తీస్తూ వెళ్లండి. ఏది తీసినప్పుడు జవాబులు నిలిచిపోయి, తిరిగి పెట్టిన కాసేపటికి మళ్లీ మొదలయ్యాయో అదే మన పరికరం. ఏదీ తేలకపోతే, రౌటర్‌లో ఆ మ్యాక్ అడ్రస్‌ను అడ్డుకుని, ఏది పని చేయడం లేదని ఫిర్యాదు వస్తుందో ఎదురుచూడడం ఒక్కటే మిగులుతుంది. కొంచెం మొరటు పద్ధతే, కానీ నిర్వాహకులందరికీ తెలిసినదే.

ఐపీ అడ్రస్‌ల కొత్త తరమైన ఐపీవీ6 గురించి రెండు మాటలు. అక్కడ ఒక్క సబ్‌నెట్‌లోనే సాధారణంగా 64 బిట్లకు సరిపడా, అంటే రెండును 64 సార్లు హెచ్చవేసినన్ని అడ్రస్‌లుంటాయి గనుక వరుసగా అడుగుతూ పోవడం అసాధ్యం. ఆర్ప్ కూడా ఉండదు, దాని స్థానంలో నెయిబర్ డిస్కవరీ ఉంటుంది. ఎఫ్‌ఎఫ్02, రెండు కోలన్లు, 1 అన్న అడ్రస్‌కు ఇంటర్‌ఫేస్ పేరు జతచేసి పింగ్ పంపితే అదే లింకు మీద ఉన్న పరికరాల్లో చాలావరకు పలుకుతాయి. విండోస్ సాధారణంగా పలకదు. ఆ తర్వాత మళ్లీ ‘ఐపీ నెయిబర్ షో’యే దిక్కు. అక్కడ కనిపించిన మ్యాక్ అడ్రస్‌లను ఐపీవీ4 జాబితాతో జోడిస్తే ఒకే పరికరపు రెండు ముఖాలు కలుస్తాయి.

చివరగా, తేల్చుకున్నదాన్ని రాసి పెట్టుకునే పద్ధతి. మ్యాక్ అడ్రస్, పరికరం పేరు, అది ఎక్కడ ఉంది, ఏ ఆనవాలుతో గుర్తించాం అన్న నాలుగు సంగతులతో ఒక టెక్స్ట్ ఫైల్ చాలు. ఈ నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. కానీ కరెంటు తీసి చూసి నిర్ధారించినదానికీ, కంపెనీ పేరు చూసి అనుకున్నదానికీ ఉన్న తేడా కొంతకాలం తర్వాత ఆ నాలుగో గడిలోనే కనబడుతుంది. ఫోన్ల విషయంలో, అవి ఒకే వైఫై పేరుకు సాధారణంగా అదే కల్పిత అడ్రస్ వాడతాయి కనుక దాన్నే రాసుకోవచ్చు. ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మని చెప్పి మళ్లీ చేర్చితే అది మారే అవకాశం ఉందని పక్కన గుర్తు పెట్టుకోండి. ఆర్ప్ స్కాన్ ఫలితంలోంచి మ్యాక్ అడ్రస్‌ల వరుసను మాత్రం తీసి, ‘సార్ట్’ చేసి, నిన్నటి ఫైల్‌తో ‘డిఫ్’ కొడితే కొత్తగా వచ్చినదీ, వెళ్లిపోయినదీ తెలిసిపోతుంది. దీన్ని క్రాన్‌లో (అనుకున్న వేళకు కమాండ్లు నడిపే సాధనంలో) పెట్టి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి నడిపించండి. ఆఫీసు వేళల్లో మాత్రమే ఉండే ల్యాప్‌టాప్‌లు, ఎప్పుడూ కదలని కెమెరాలు ఆ రెండు జాబితాల్లో వాటంతట అవే విడిపోతాయి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.